కొట్టం కాడి స్విచ్

పొద్దున్నే కూడేరు నుంచి నాయన ఫోన్. "మోటార్ ఆగడం లేదురా. స్విచ్ ఎటు నొక్కినా తిరుగుతానే ఉంది." బ్యాటరీ క్లిప్పు పీకేయమని చెప్పి, అనంతపురం నుంచి బండి మీద వెళ్లాను.

గేదెల తొట్టికి నీళ్లు తోడే చిన్న పంపు అది. 12 ఓల్టుల సోలార్ బ్యాటరీకి నేనే బిగించాను, ఇంట్లో మిగిలిన మామూలు 6 ఆంపియర్ల స్విచ్‌తో. ఈరోజు దాన్ని విప్పితే కాలిన ప్లాస్టిక్ వాసన. లోపల కరెంటును కలిపే, మినపగింజంత ఉండే రెండు కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే టక్కుమని ఊడాయి. చుట్టూ మసి. ఇంకొన్ని గంటలు అలాగే నడిచి ఉంటే? పక్కనే ఎండుగడ్డి వామి. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది.

"ఇంట్లో 240 ఓల్టులకు తట్టుకునేది పన్నెండుకే కాలిందేమిరా?" అన్నాడు నాయన. బిగించేటప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. పంపు మీద 120 వాట్లని ఉంది. 240 ఓల్టులకైతే అది అర ఆంపియర్. పన్నెండుకు 10 ఆంపియర్లు! మోటార్ మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది.

ఇంకోటి, స్విచ్ వెనక 240 పక్కన చిన్న అల గుర్తు ఉంది. అంటే ఏసీకి, ఇంటికొచ్చే కరెంటుకు మాత్రమే. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకొస్తుంది, స్విచ్ ఆపినప్పుడు లేచిన నిప్పురవ్వ అక్కడే ఆరిపోతుంది. బ్యాటరీ నుంచి వచ్చేది డీసీ, ఆ కరెంటుకు ఆ విరామం లేదు. మోటార్ చుట్టలో నిలిచిన శక్తి కూడా ఆ రవ్వనే ఎగదోస్తుంది.

టౌన్లో షాపతను 16 ఆంపియర్లది ఇవ్వబోయాడు. దాని మీదా అల గుర్తే. వద్దని ట్రాక్టర్ స్పేర్ పార్టుల అంగడికి వెళ్లాను. అక్కడ దొరికిన టాగుల్ స్విచ్ పక్కన '12 ఓల్ట్ డీసీ, 20 ఆంపియర్' అని అచ్చు ఉంది. వైరు 4 స్క్వేర్ ఎంఎం వేసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఫ్యూజు పంపు దగ్గర పెడితే మధ్యలో వైరు షార్టయినా దానికి తెలియదు.

నాయన నాలుగైదుసార్లు వేసి ఆపి చూసుకున్నాడు. "మరి లైటుది?" అన్నాడు. అది 9 వాట్ల ఎల్ఈడీ, ఒక ఆంపియర్ కూడా లాగదు. లైటుకున్న పాత స్విచ్‌ను అలాగే ఉంచాను.