మేనేజరు అంటే మెప్పు, మనం అంటే తప్పు

అమెరికా ఆఫీసుల్లో మనవాళ్లు చీవాట్లు తినేది చాలాసార్లు తెలిసి వాడిన బూతుకు కాదు, పైవాళ్ల నోట విని నేర్చుకున్న మాటకు. 'కొహోనెస్' (cojones) అలాంటిదే. క్లయింటుకు ఎదురు నిలిచి గడువు పెంచుకొచ్చిన వాడికి కొహోనెస్ ఉన్నాయని మేనేజరు అందరి ముందూ మెచ్చుకుంటాడు. విన్నవాడు ధైర్యమనుకుని మర్నాడు తానూ అంటాడు. వెంటనే మందలింపు.

స్పానిష్‌లో ఆ మాటకు అర్థం వృషణాలు. పచ్చి వీధి మాట. ఇంగ్లీషులో మాత్రం ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. 1996 ఫిబ్రవరిలో క్యూబా యుద్ధ విమానం రెండు చిన్న పౌర విమానాలను కూల్చి నలుగురిని చంపింది. ఆ క్యూబా పైలట్లు రేడియోలో ఈ మాటతోనే గొప్పలు పోయారు. "ఇది కొహోనెస్ కాదు, పిరికితనం" అని అమెరికా రాయబారి మాడలిన్ ఆల్‌బ్రైట్ ఐక్యరాజ్యసమితిలో అన్నారు. అధ్యక్షుడు క్లింటన్ ఆ మాటను మెచ్చుకున్నారు. 2010లో రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్ అప్పటి అధ్యక్షుడు ఒబామాకు అవి లేవని టీవీలోనే అన్నారు.

మరి మన యాసలో వస్తేనే అది అసభ్యమా? ఇదే నన్ను తొలిచేస్తుంది. పెద్దల ముందు నోరు అదుపులో పెట్టుకుని పెరిగిన పిల్లలకా సభ్యత నేర్పేది? మనకు ధైర్యమంటే గుండె, దమ్ము. అమ్మ ముందైనా అనొచ్చు.

అయినా హ్యూస్టన్, డాలస్ ఆఫీసుల్లో పక్క సీటులో స్పానిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లుంటారు. వాళ్ల చెవికి అది అరువు మాట కాదు, నేరుగా బూతే. వాళ్ల అభ్యంతరం న్యాయం. మేనేజరును ఎవరూ అడగకపోవడమే అన్యాయం.

కాబట్టి మాట్లాడేటప్పుడు 'గట్స్', 'నెర్వ్' చాలు. రివ్యూ ఫారంలో 'కరేజ్' రాయండి. ఆ మాటను మెయిల్లో అసలే పెట్టొద్దు. స్పెల్లింగులో మొదటి 'ఓ' బదులు 'ఏ' పడితే సొరుగులు అని అర్థం, పైగా రాసింది చెరగదు. మెక్సికోవాళ్లు ఇదే అర్థంలో ఎక్కువగా వాడేది 'హువెవోస్', అంటే గుడ్లు. అందుకే కొట్లో "గుడ్లున్నాయా" అని అడగడం కూడా పెడర్థానికి దారి తీస్తుందని కొందరు 'బ్లాంకియోస్' అంటారు. హోటల్ వంటగదుల్లో పనిచేసే మనవాళ్లకు ఇది అక్కరకొస్తుంది.

మందలింపు వస్తే "మేనేజరూ అన్నాడుగా" అని అక్కడే వాదించొద్దు. చట్టం ఒక్క మాట జారినంత మాత్రాన వేధింపు అనదు గానీ, కంపెనీ నియమాలు అంతకన్నా బిగువుగా ఉండొచ్చు. నొచ్చుకున్నవాళ్లకు ముందు క్షమాపణ చెప్పండి. ఆ తర్వాత హెచ్‌ఆర్‌ను విడిగా కలిసి, ఈ నియమం మేనేజర్లకూ వర్తిస్తుందా అని మెయిల్లో జవాబు అడగండి.