గుల్‌మొహర్ కొమ్మను పాడుచేసింది ఎవరు?

ఫిబ్రవరి, రెండో ఆదివారం
మా హైదరాబాద్ కాలనీ పార్కులో నాలుగు చెట్లకు ఎనిమిది తొర్రలు. "గా పిట్టనే చెట్టు ఖరాబు చేస్తున్నది సార్, కొమ్మ కొట్టేయాలె" అన్నాడు మాలి. అన్నీ వడ్రంగి పిట్టవేనని నేనూ పుస్తకంలో రాసేసుకున్నాను.

ఫిబ్రవరి, నాలుగో ఆదివారం
తప్పు రాశాను. మునగ కొమ్మ అడుగు వైపున్న మూడూ నిమ్మకాయంత తొర్రలు. అవి కంసాలి పిట్టవి. పొద్దున ఏడింటికి ఒకటి అందులోంచి ఎర్ర నుదురు బయటపెట్టి చూసింది, నా పరువు పోయింది. వడ్రంగి పిట్ట తొర్ర దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందుకే వెదురు కర్రకు కొలత టేపు అతికించుకున్నాను. తొర్ర పక్కన ఆనించి, కింద నుంచి బైనాక్యులర్‌తో చదవడమే. పక్షి లోపల ఉంటే మాత్రం ఆ పని పెట్టుకోను.

మార్చి
గుల్‌మొహర్ మీద వడ్రంగి పిట్టల జంట కనిపించింది. బంగారు వీపు, ఎర్ర జుట్టు. నుదురు కూడా ఎర్రగా ఉన్నది మగది, నల్లగా తెల్ల చుక్కలున్నది ఆడది. అరిస్తే గుర్రం సకిలించినట్టే.

చెట్టు కింద రాలిన చెక్క పొట్టు ఏరి వేళ్ల మధ్య నలిపాను. టీలో ముంచిన రస్కులా పొడైపోయింది. గట్టి చెక్క అలా నలగదు. చెట్టు మొదలు దగ్గర చెక్క సుత్తితో తడితే ఒకవైపు టక్‌మంది, మరోవైపు డొల్లగా మోగింది. నేలకు జానెడు ఎత్తున వార్నిష్ పూసినట్టు మెరిసే గోధుమరంగు పుట్టగొడుగు. పైన, ఎప్పుడో కొమ్మ నరికి మొండిగా వదిలేసిన చోటే తొర్ర. కోతలోంచి నీళ్లు దిగాయి, బూజు పట్టింది, పురుగు చేరింది. పిట్ట వచ్చింది ఆ తర్వాతే. మెత్తబడిన చెక్క దొరికితే గట్టిదాన్ని ఎందుకు తొలుస్తుంది?

అలాగని ప్రమాదం లేదనను. ఆ కొమ్మ సరిగ్గా నడకదారి మీదుంది.

ఏప్రిల్
తొర్రలోంచి పిల్లల గొడవ. గుడ్లు పొదగడానికి 11 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో 20 రోజులు పడుతుంది. మాలితో కూర్చుని లెక్కేశాం. అప్పటిదాకా కొమ్మ కింద తాడు కట్టి దారి మళ్లించాం. వాకింగ్ వాళ్లు విసుక్కున్నారు, పర్లేదు.

మే
పిల్లలు ఎగిరిపోయాయి. దారి మీదికి వాలిన భాగమే కోయించాం, మొండి మిగలకుండా, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బు దెబ్బతినకుండా. తొర్రున్న ముక్క నిలబడే ఉంది. వారానికే దాని ముందు గోరింకలు కొట్టుకుంటున్నాయి.