రెండు బోర్డులకి ఒకే రీసెట్: నాలుగు రోజులు తినేసిన తీగ

నిన్న రాత్రే పని అయింది, మర్చిపోకముందే రాస్తున్నా. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు, వనామీ రొయ్యల చెరువు ఉంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగాయంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు చెరువు రీడింగులు చూస్తుంది, నోడ్‌ఎంసీయూ అనే వైఫై బోర్డు ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. ఏది బిగుసుకుపోయినా నాన్న ఒక్క బటన్ నొక్కితే రెండూ కలిసి మొదలవ్వాలి, ఎందుకంటే ఒకటే మొదలైతే రెండోది సగం మెసేజ్ పట్టుకుని అలాగే ఉండిపోతోంది.

బోర్డులు రెండూ మాట్లాడుకునే సీరియల్ తీగలు కలపడం పెద్ద పని కాదు. ఒకదాని టీఎక్స్ (పంపే పిన్ను) రెండోదాని ఆర్‌ఎక్స్‌కి (అందుకునే పిన్ను), గ్రౌండ్లు రెండూ ఒకటి. ఊనోది 5 వోల్టులు, నోడ్‌ఎంసీయూది 3.3, కాబట్టి అటు వెళ్ళే తీగకి 1కె, 2కె (కిలో ఓమ్) రెసిస్టర్లు పెట్టి తగ్గించా.

తర్వాత బోర్డుని మళ్ళీ మొదలుపెట్టే రీసెట్ పిన్నులు రెండింటినీ ఒకే తీగతో కలిపేశా. అంతే, ఆ క్షణం నుంచి ఊనోలోకి ప్రోగ్రామ్ ఎక్కదు. 'నాట్ ఇన్ సింక్' అంటుంది, అంటే ల్యాప్‌టాప్‌కీ బోర్డుకీ మాట కలవలేదని. కేబుల్ మార్చా, పోర్టు మార్చా, ల్యాప్‌టాప్ కూడా మార్చా. చివరికి భీమవరంలో ఒక షాపుకి పట్టుకెళ్తే, అక్కడాయన బోర్డుని కనీసం కరెంటుకి పెట్టి చూడకుండా, పది మంది ముందు "కాల్చేసి తెస్తారండీ మీరు, మళ్ళీ మమ్మల్నంటారు" అన్నాడు. కొత్తది కొనిపించాడు. ఇంటికొచ్చి పెడితే అదీ అంతే! పరీక్షించకుండా కాలిపోయిందనే షాపు మెట్లు ఎక్కకండి, నేనైతే ఎక్కను.

మూడో రాత్రి నోడ్‌ఎంసీయూ ఏమంటోందో చూద్దామని దాని సీరియల్ మానిటర్ (బోర్డు పంపే అక్షరాలు చూపే విండో) 74880 బాడ్ వేగానికి పెట్టి తెరిచా. ఊనోకి అప్‌లోడ్ నొక్కిన ప్రతిసారీ అక్కడ 'రీసెట్ కాజ్ 2' (రీసెట్ కారణం 2) అని వస్తోంది. అంటే బయటి నుంచి ఎవరో రీసెట్ పిన్నుని గ్రౌండ్‌కి లాగుతున్నారు. ఎవరో కాదు, ఊనోనే. అప్‌లోడ్ కోసం అది తన రీసెట్ లాగితే తీగ వెంట ఇదీ రీసెట్ అయి, లేవగానే తన బూట్ సందేశాన్ని ఊనో 0వ పిన్నులోకి (అదే దాని ఆర్‌ఎక్స్) కుమ్మరిస్తోంది. సరిగ్గా అప్పుడే ఊనో బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌ని అందుకునే చిన్న కోడ్) అదే పిన్ను మీద ల్యాప్‌టాప్ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది. ఇంకెక్కడి సింక్! పైగా ఊనో రీసెట్ పిన్ను 10కె మీదుగా 5 వోల్టులకి కట్టి ఉంటుంది, దాన్ని 3.3 చిప్పుకి నేరుగా కలపడమే తప్పు. ఇదంతా నా అంతట నేనే పట్టుకున్నా, అందుకు గర్వంగానే ఉంది.

ఇప్పుడు రెండు షాట్కీ డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) వేశా. గీత ఉన్న కొసలు రెండూ బటన్‌కి, రెండో కొసలు చెరో రీసెట్ పిన్నుకి, బటన్ అవతల గ్రౌండ్. నొక్కితే రెండూ పడతాయి, ఒకదాని రీసెట్ రెండోదాన్ని తాకదు. సీరియల్‌ని కూడా 0, 1 పిన్నుల నుంచి తీసేసి 10, 11 మీద సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో (మామూలు పిన్నుల్నే సీరియల్‌గా వాడే కోడ్) 9600 బాడ్‌కి పెట్టా. రీసెట్ తీగ పొట్టిగా ఉంచండి, ఏరియేటర్ స్టార్టర్ పక్కనుంచి లాగొద్దు.

తెల్లారి నాలుగింటికి నాన్న గట్టు మీద బటన్ నొక్కి చూశారు. రెండు లైట్లూ ఒకేసారి వెలిగాయి, నిమిషంలో మెసేజ్ వచ్చింది.