మామయ్య స్టూడియో డిస్క్: డ్రైవర్ రాసిపెట్టిన నాలుగు లైన్లు

“ఏరా అల్లుడూ, డిస్క్ పోయిందంటున్నారురా. పదకొండేళ్ల పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి” అని తెనాలి నుంచి మామయ్య ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. ఆయనది ఫొటో స్టూడియో. కొన్ని ఆల్బమ్‌లు డీవీడీల్లో ఉన్నాయి కానీ చాలావరకు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి.

ఫొటోలు కాపీ చేస్తుంటే కంప్యూటర్ మధ్యలో బిగుసుకుపోతోంది. కాసేపటికి మళ్లీ నడుస్తోంది, లేదంటే ఐ/ఓ ఎర్రర్ (చదవడంలోనో రాయడంలోనో తప్పు) అని తెర మీద చిన్న పెట్టె వస్తోంది. రిపేరు షాపులో ఆ పెట్టె చూసే డిస్క్ పోయిందని తేల్చేశారు. కొత్త డిస్క్‌కీ డేటా రికవరీకీ కలిపి పాతిక వేలు అడిగారు.

డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య ఎక్కడ ఏం చెడినా తెర మీద కనిపించేది దాదాపు ఆ ఒక్క మాటే. లోపల అసలు ఏం జరిగిందో, డిస్క్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కి తెలుసు. డిస్క్‌ని ఏం అడిగింది, ఎంతసేపు ఎదురుచూసింది, డిస్క్ ఏ కారణం చెప్పి కుదరదంది, ఇవన్నీ అది లాగ్‌లో, అంటే కంప్యూటర్ డైరీలో, రాసిపెడుతుంది. ఎవరూ తెరిచి చూడరు. నాకు బాధ కలిగించేది అదే.

ఆదివారం వెళ్లి ముందు ఆ లాగ్‌లు చూపించే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. సిస్టమ్ లాగ్‌లో 129, 153 నంబర్ల వార్నింగులు వరసగా ఉన్నాయి. డిస్క్ నుంచి జవాబు రాక డ్రైవర్ రీసెట్ పంపితే 129 పడుతుంది. చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వస్తే 153 పడుతుంది. బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్ మీద చెడిన చోటు, తగిలినప్పుడు వచ్చే 7 మాత్రం ఒక్కటీ లేదు. అక్కడ నాకు మొదటిసారి ఆశ పుట్టింది.

తర్వాత ఉబుంటు అనే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్‌ని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఒక ఫోల్డర్ కాపీ మొదలుపెట్టాను. పక్క విండోలో కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) రాసే లాగ్ తెరిచి ఉంచాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో ఎర్ర అక్షరాలు మొదలయ్యాయి. చదివే కమాండ్ ఫెయిలైంది, కారణం ఐసీఆర్‌సీ. ఆ వెంటనే హార్డ్ రీసెట్టింగ్ లింక్, అంటే డిస్క్‌తో కనెక్షన్‌ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం. ఇలా నాలుగైదు సార్లయ్యాక డ్రైవర్ తనంతట తానే సాటా లింక్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే దారి) వేగాన్ని సెకనుకు 6 గిగాబిట్ల నుంచి 3కి తగ్గించింది.

అన్నిటికన్నా విలువైనది ఆ ఐసీఆర్‌సీ అన్న ఒక్క మాట. సాటా కేబుల్ మీద వెళ్లే ప్రతి ఫ్రేమ్ (డేటా మూట) చివర 32 బిట్ల సీఆర్‌సీ, అంటే సరిచూసుకునే అంకె, ఉంటుంది. అందుకున్నవాళ్లు లెక్క మళ్లీ కట్టుకుని సరిపోలిందో లేదో చూసుకుంటారు. అది సరిపోలేదంటే దారిలో డేటా చెడిందని అర్థం. డేటా ఉండే పళ్లెం, అంటే ప్లాటర్, మీద ఉన్నది చెడితే యూఎన్‌సీ (సరిదిద్దలేని తప్పు) అని వచ్చేది.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు కూడా అదే మాట చెప్పాయి. చెడిపోయి వేరే చోటికి మార్చిన (రీమ్యాప్ అయిన) సెక్టార్లను, అంటే డిస్క్ మీది చిన్న గళ్లను, లెక్కపెట్టే 5వ నంబరు, చదవలేక పెండింగ్‌లో పెట్టినవాటిని లెక్కపెట్టే 197వ నంబరు రెండూ సున్నా. సీఆర్‌సీ తప్పులను లెక్కపెట్టే 199 మాత్రం 412.

“మామయ్యా, ఈమధ్య ఈ సీపీయూ డబ్బా కదిపారా?” అని అడిగాను. స్టూడియోకి రంగులేసినప్పుడు పక్కకు జరిపారట. మూత విప్పి చూస్తే, డిస్క్ కేబుల్ సరిగ్గా కనెక్టర్ దగ్గరే మూతకు నొక్కుకుపోయి మడత పడి ఉంది. వంద రూపాయలు కూడా కాని కొత్త కేబుల్ వేశాం. రాత్రంతా కాపీ నడిచింది, లాగ్‌లో ఒక్క లైను పడలేదు. 199 తగ్గదు, అది జీవితకాలపు లెక్క. అది 412 దగ్గరే ఆగిపోతే చాలు, ఆగిపోయింది. మామయ్య పొద్దున్నే లేచి ముందు ఆ నంబరే అడిగాడు. అదే రోజు రెండో కాపీ కోసం ఇంకో డిస్క్ కొనిపించాను.

ఎనిమిది నెలల తర్వాత నా లాప్‌టాప్‌లోనూ అలాగే బిగుసుకుపోవడం మొదలైంది. చూడ్డానికి అచ్చం అదే జబ్బు. లాగ్‌లో మాత్రం ఈసారి యూఎన్‌సీ, మీడియం ఎర్రర్, పక్కనే సెక్టార్ నంబరు. 197లో 24. ఇక్కడ కేబుల్ మార్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది. వెంటనే షట్‌డౌన్ చేసి, డిస్క్ బయటకు తీసి, వేరే కంప్యూటర్‌లో నేరుగా సాటా పోర్టుకే తగిలించాను. యూఎస్‌బీ డబ్బాలో పెడితే కొన్ని చిప్‌లు ఈ వివరాలను పైకి రానివ్వవు. చెడుతున్న డిస్క్‌ల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని కొత్త దాని మీదికి కాపీ చేశాను. అది తేలిగ్గా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ ఆగిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది.

చివరికి 8 సెక్టార్లు మిగిలాయి. అవి ఏ ఫైల్‌వో తెలుసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. లాగ్‌లో ఉన్నది మొత్తం డిస్క్ మొదటి నుంచి లెక్కపెట్టిన నంబరు, 512 బైట్ల చొప్పున. అందులోంచి నా పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లున్న భాగం) మొదలయ్యే 2048 తీసేసి, ఫైళ్లను అమర్చే నా ఎక్స్‌ట్4 పద్ధతిలో ఒక బ్లాకు 4096 బైట్లు కాబట్టి 8తో భాగించాను. వచ్చిన బ్లాకు నంబరును కొత్త డిస్క్ మీద డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే ముందు ఐనోడ్ (ఫైల్‌కి లోపల ఉండే నంబరు), దాన్నుంచి ఫైల్ పేరు దొరికాయి. మా పాప మొదటిసారి అడుగులేసిన వీడియో.

ఆ రోజే అక్కకి వాట్సాప్‌లో పంపినట్టు గుర్తొచ్చి ఫోన్ చేశాను. “ఉందిరా, ఎప్పుడూ చూస్తూనే ఉంటాను” అని అప్పటికప్పుడు తిరిగి పంపింది. సైజు తగ్గి కాస్త మసగ్గా ఉంది. పాప గుమ్మం పట్టుకుని నిలబడి, చెయ్యి వదిలి, మూడు అడుగులు వేయడం మాత్రం కనిపిస్తోంది.