మాల తీసిన సాయంత్రం

ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. అందుకే ఎవరైనా తాగుబోతు అంటే ఒళ్లు మండేది. మాల తీసిన సాయంత్రమే మళ్లీ గాజువాకలో వైన్ షాపు ముందు ఉండేవాణ్ణి. ఆ 41 రోజులూ నేను మానలేదు, ఆ సాయంత్రం కోసం కాచుకున్నానంతే. అది ఒప్పుకోవడానికి పదకొండేళ్లు పట్టింది.

ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని నాది. చివరికి పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప కొలతలు చూసే వెర్నియర్ చేతిలో నిలిచేది కాదు. ఒకరోజు పాప తల మీద ఒట్టేసి మానేశాను. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉంచి బి1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చారు. రోజూ బాగా తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకి రావచ్చని డాక్టరుగారు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే దయచేసి ముందు డాక్టరుకి చూపించండి.

ఆ వార్డుకే ఒక పెద్దాయన వచ్చారు. పోర్టులో చేసి రిటైరయ్యారట. నీతులు చెబుతారనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆయన తన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. కూతురి పెళ్లిలో కన్యాదానం వేళకి ఆయన మేడ మీద పడిపోయి ఉన్నారట. అల్లుడి కాళ్లు బావమరిది కడిగాడట. వింటూ వింటూ ఇటు తిరిగాను. టూల్ బాక్సులో సీసా దాచే సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఆయనకి చెప్పేశాను. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకి బానిసలైనవాళ్లే, ఇలాగే కూర్చుని మాట్లాడుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం మొదలైందని తర్వాత తెలిసింది.

డిశ్చార్జి అయ్యాక ఆయనే ఆ సంఘం మీటింగ్‌కి తీసుకెళ్లారు. ఒక స్కూలు గది, పదిహేను మంది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగలేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలన్నారు. టీ సగం గ్లాసే ఇచ్చారు. చేతులు వణికేవాడికి నిండుగా పోస్తే ఒలికి నలుగురిలో సిగ్గుపడతాడని అలా ఇస్తారు.

అక్కడ ఎవరూ సలహా ఇవ్వరు, ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. ఆ రోజు ఒక కుర్రాడు లేచి, "మాలలో ఉండి, తీసే రోజు కోసం వేళ్లు లెక్కపెట్టుకునేవాణ్ణి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఈ తప్పు లోకంలో నా ఒక్కడిదే అనుకున్నాను.

జన్మంతా మానతానని ఎవరూ మాట తీసుకోలేదు. "ఈ రోజుకి తాగకు తమ్ముడూ. రేపటి సంగతి రేపు మాట్లాడుకుందాం. తాగాలనిపిస్తే, గ్లాసు ముట్టకముందే ఫోన్ చెయ్" అన్నారు పెద్దాయన. చేశాను. అర్ధరాత్రి కూడా చేశాను. ఒక్కసారీ విసుక్కోలేదు.

నాలుగో నెలలో ఊళ్లో అమ్మవారి పండగకి వెళ్లి తాగాను, ఫోన్ చేయలేదు. మూడు రోజులు ముఖం చెల్లలేదు. చివరికి వెళితే ఎందుకు తాగావని ఎవరూ అడగలేదు. పెద్దాయన పక్కకి జరిగి కుర్చీ ఇచ్చారు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెట్టాను.

అది జరిగి రెండేళ్లు దాటింది. మొన్న మళ్లీ మాల వేసుకున్నాను. తీసిన రోజు మధ్యాహ్నం నుంచే గుండెల్లో దడ. దాచకుండా పెద్దాయనకి చెప్పాను. "సాయంత్రం తొందరగా వచ్చెయ్, టీ నువ్వే పెట్టాలి" అన్నారు. పాలు కాగుతుండగా మా ఆవిడ ఫోన్.

"ఎక్కడున్నారు?"

"మీటింగ్‌లో."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వచ్చేయండి, అన్నం తినకుండా ఉంటాం" అంది.