936 నుంచి టీ12కి: సోల్డరింగ్ బెంచ్ మార్పు, ఇప్పటిదాకా

రెండు పిన్నుల 25 వాట్ల ఐరన్‌తో రెసిస్టర్లు, ఐసీ బేస్‌లు ఎలాగోలా నడిచిపోతాయి. గ్రౌండ్ ప్లేన్‌కు (బోర్డు మీద పరిచిన, వేడిని లాగేసే వెడల్పాటి రాగి పొర) అతికి ఉన్న కెపాసిటర్ కాలు దగ్గరే అది చేతులెత్తేస్తుంది. లెడ్ (అంటే సోల్డర్) పైన కరుగుతుంది, రంధ్రంలోకి దిగదు. అలాగే నొక్కి పట్టుకుంటే ప్యాడ్ (కాలు చుట్టూ ఉండే రాగి చుక్క) లేచి వస్తుంది. అందుకే వేడిని తానే అదుపు చేసుకునే సోల్డరింగ్ స్టేషన్.

పోటీలో రెండు రకాలు: 900ఎం బిట్లు (ఐరన్ కొనలు) తొడిగే హాకో 936 తరహా, కార్ట్రిడ్జ్ తోసే టీ12 తరహా. జేబీసీ కంపెనీ సీ245 రకం రెండిటికంటే మేలే, కానీ దాని కార్ట్రిడ్జ్‌ల ఖరీదు హాబీకి బరువు.

పెట్టె మీద వాట్లు చూసి కొంటే దెబ్బతింటారు. చూడాల్సింది సెన్సర్ ఎక్కడుందన్నది. 936లో బిట్ అంటే సెరమిక్ హీటర్ మీద వేసే తొడుగు. సెన్సర్ హీటర్‌లోనే ఉంటుంది, మధ్యలో గాలి సందు. కొన చల్లబడిన సంగతి సెన్సర్‌కు ఆలస్యంగా అందుతుంది. డిస్‌ప్లే 350 చూపిస్తూనే ఉంటుంది, జాయింట్ మీద లెడ్ ముద్దకడుతుంది. టీ12లో హీటర్, థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్), బిట్ ఒకే గొట్టంలో, కొన పక్కనే.

పాత 936 చవగ్గా దొరికితే వదలక్కర్లేదు. హ్యాండిల్ ప్లగ్ పీకి, చల్లగా ఉన్నప్పుడు మీటర్ పెట్టండి: హీటర్ 2.5–3.5 ఓమ్‌లు, సెన్సర్ 43–58 ఓమ్‌లు రావాలి. హీటర్ పది దాటి, సెన్సర్ ఒకటి రెండు ఓమ్‌లే చూపిస్తే లోపల ఉన్నది సెరమిక్ కాదు, నైక్రోమ్ చుట్ట.

కట్టింది టీ12 కిట్. కార్ట్రిడ్జ్ సుమారు 8 ఓమ్‌లు. 24 వోల్టులిస్తే 3 ఆంపియర్లు, 72 వాట్లు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్‌తో 45 వాట్లే. చిన్న బోర్డులకు అది చాలు. ఎక్స్‌టీ60 బ్యాటరీ కనెక్టర్‌కు లావు తీగ అతికేటప్పుడు మాత్రం తేడా చేతికి తెలుస్తుంది, 24 వోల్టులు, 4 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) పెట్టుకోవడమే మేలు.

అసలు తలనొప్పి ఎర్త్. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిపితే బిట్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ ఏసీలో 80, 90 వోల్టులు కూడా చూపించవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌లోని వై-కెపాసిటర్ (మెయిన్స్ వైపునూ అవుట్‌పుట్ వైపునూ కలిపే చిన్న కెపాసిటర్) గుండా జారే కరెంటు అది. చేతికి చిమచిమ, మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేటుకు చావు. మందు: కార్ట్రిడ్జ్ బయటి గొట్టాన్ని తాకే మూడో కాంటాక్ట్ నుంచి ఆకుపచ్చ తీగ లాగి మూడు పిన్నుల ప్లగ్ ఎర్త్‌కు కలపడం. తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, బిట్ కొన నుంచి ఎర్త్ పిన్నుకు కొలిస్తే 2 ఓమ్‌ల లోపు రావాలి. గోడ సాకెట్‌లోనే ఎర్త్ లేకపోతే ఇదంతా దండగ, ముందు అది చూసుకోండి.

ఆన్ చేయగానే ఎర్రర్ వస్తే బోర్డును అనుమానించకండి. టీ12లో థర్మోకపుల్ హీటర్‌తో సిరీస్‌లో ఉంటుంది. కార్ట్రిడ్జ్ చివరిదాకా దిగకపోతే సర్క్యూట్ తెరిచి ఉన్నట్టే లెక్క. గట్టిగా తోస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

కాలిబ్రేషన్‌కు టిప్ థర్మామీటర్ లేకపోతే లెడ్‌నే వాడొచ్చు. 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సెట్టింగ్ 5 డిగ్రీల చొప్పున పెంచుతూ కరిగే చోటు రాసుకోవాలి. కంట్రోలర్ 200 కంటే కిందికి దిగకపోతే 217–220 మధ్య కరిగే ఎస్‌ఏసీ305 (సీసం లేని సోల్డర్) తీగతో చూడాలి.

బిట్లలో మొదట డీ24 (ఉలి ఆకారం), తర్వాత బీసీ2 (ఏటవాలుగా కోసిన కొన). సూదిలాంటి ఐఎల్‌ఎస్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ వేడి మోయదు, 0603 సైజు చిట్టి రెసిస్టర్‌కు కూడా డీ24 అంచే నయం. 0.5 మిల్లీమీటర్ల 63/37 తీగ, 320 డిగ్రీలు. గ్రౌండ్ ప్లేన్ మీద 360. గీకుడు కాగితం బిట్‌కు తగలకూడదు, పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని లెడ్ తినేస్తుంది.

మిగిలిన పని: హ్యాండిల్‌లోని వైబ్రేషన్ స్విచ్ (కదలిక లేకపోతే ఐరన్‌ను నిద్రపుచ్చేది). స్టాండులో పెట్టినా నిద్రపోవట్లేదు, తిప్పి అతికి చూడాలి.