పౌచ్ మీద పేరు అచ్చు వేయించే ముందు

2023 మార్చిలో ఒక మధ్యాహ్నం రిజిస్టర్ పోస్టు వచ్చింది. వెల్లుల్లి కారం దంచుతున్న చేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టాను. విప్పితే లాయర్ నోటీసు. మీరు వాడుతున్న పేరు మా క్లయింటుది, 2017లోనే ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయింది, వెంటనే ఆపేయండి అని.

తెనాలిలో మా ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మడం 2021లో మొదలుపెట్టాను. ఆ పేరు మీదే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది, బ్యాంకులో కరెంట్ అకౌంట్ ఉంది. జీఎస్టీ కూడా ఉంది. హైదరాబాద్‌కి ఒక్క పార్శిల్ పంపినా అది వేరే రాష్ట్రమే కాబట్టి, టర్నోవర్ ఎంతున్నా తీసుకోవాల్సిందేనని ఆడిటర్ గారు మొదట్లోనే చెప్పారు. ఇన్ని చోట్ల నమోదైన పేరు నాది కాకుండా ఎలా పోతుంది?

పోతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చేది తిండి పదార్థం చేసి అమ్ముకునే అనుమతి. జీఎస్టీ పన్ను కోసం. ఉద్యమ్, మనది చిన్న పరిశ్రమ అని చెప్పే కాగితం. ఆఖరికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి పేరు నమోదు చేయించుకున్నా, సరుకు మీద ఆ పేరు వాడే హక్కు దానంతట అది రాదు. ఆ లెక్క 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టానిది.

మా లాయర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "మీ మొట్టమొదటి బిల్లు ఎప్పటిదమ్మా?" అవతలివాళ్ళు వాడకం మొదలుపెట్టడానికీ, రిజిస్టర్ చేయించడానికీ ముందు నుంచే మనం అమ్ముతున్నామని చూపించగలిగితే, రిజిస్ట్రేషన్ లేకపోయినా చట్టం మన పక్కన ఉంటుంది. నా మొదటి బిల్లు 2021ది. ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. ఆ పాత పేరు ఇక్కడ కూడా రాయను, అది వాళ్ళది.

ఇంట్లో ఇంకా తొమ్మిది వేల ప్రింటెడ్ పౌచ్‌లు ఉన్నాయి. పౌచ్ మీద ఎన్ని రంగులుంటే అన్ని అచ్చు సిలిండర్లు చేయించాలి, పైగా ఇన్ని వేలకు తక్కువైతే ప్రింటర్ ఆర్డరే తీసుకోడు. గోంగూర ఆకు బొమ్మ వేసిన ఆ పౌచ్‌లను నేనూ మా తోడికోడలూ రెండు రాత్రులు కూర్చుని కత్తిరించాం. ఏడుపొచ్చింది.

కొత్త పేరుకి మాత్రం తొందరపడలేదు. స్పెషల్ అనో, ఇంటి రుచి అనో సరుకు గుణం చెప్పే మాటలకి అభ్యంతరం వస్తుందన్నారు. అందుకని అమ్మమ్మ పేరులోవి రెండు అక్షరాలు, మా ఊరిది ఒకటి కలిపి ఎక్కడా లేని మాట కట్టాను. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బులక్కర్లేదు. స్పెల్లింగ్ ఒక్కటే చూస్తే చాలదు, అలాగే వినిపించే పేర్లు కూడా చూడాలి. సరుకుల్ని రకాలవారీగా క్లాసులుగా విడదీస్తారు: పచ్చళ్ళు 29వ క్లాసు, కారప్పొడులు, మసాలాలు 30వది. ఒక్కో క్లాసుకి ఆన్‌లైన్ ఫీజు 4,500 రూపాయలు, నాకు రెండూ కలిపి 9,000. మనలాంటి చిన్నవాళ్ళకి అది సగం ఫీజే, పెద్ద కంపెనీలు క్లాసుకి 9,000 కడతాయి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసుకే వెళ్తాయి.

దరఖాస్తు చూసి ఆ ఆఫీసు పంపే పరీక్షా నివేదిక వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈమెయిల్ రోజూ చూసుకోండి, దయచేసి. తర్వాత పేరుని ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు, ఎవరైనా అడ్డు చెప్పడానికి నాలుగు నెలల గడువు. నా సర్టిఫికెట్ 2025లో చేతికొచ్చింది, పదేళ్ళకి రెన్యూవల్. అది వచ్చేదాకా పేరు పక్కన టీఎమ్ అనే వేసుకున్నాను. రిజిస్టర్ అయిందని చెప్పే గుండ్రటి గీతలోని ఆర్ అక్షరం ముందే వేస్తే జరిమానా పడుతుంది.

ఈలోగా తోడికోడలు మూడు లక్షలు పెట్టి భాగస్వామిగా చేరింది. నేను పెట్టింది నలభై వేలు. ఇంట్లో వాళ్ళ మధ్య కాగితాలేంటని పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు. కానీ మధ్యలో రాతకోతలు లేకపోతే, ఎవరెంత పెట్టినా లాభం సమానంగా పంచాలని 1932 నాటి భాగస్వామ్య చట్టం. తను పెట్టిన డబ్బుకీ, నేను చేసే పనికీ అది న్యాయం కాదు. డీడ్, అంటే భాగస్వామ్య ఒప్పందం, రాయించాం, పేరు ఎవరిదో అందులోనే రాసుకున్నాం. ఫర్మ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే, డబ్బు ఎగ్గొట్టిన షాపు మీద ఫర్మ్ కోర్టుకెళ్ళలేదు. అందుకే అదీ చేయించాం. కంపెనీ మాత్రం ఇప్పుడే వద్దన్నారు ఆడిటర్ గారు. అమ్మకం ఉన్నా లేకపోయినా ఏటా ఆడిట్, ఫైలింగ్‌లు తప్పవట.

మొన్న డ్వాక్రా గ్రూపు అమ్మాయి ఒకామె జొన్న మురుకుల వ్యాపారం పెడుతున్నానని ఫోన్ చేసింది. ప్రింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చావా అని అడిగాను, ఇంకా లేదక్కా అంది. పేర్లు వాట్సాప్‌లో పెట్టమన్నాను. మూడు పంపింది. రెండు పేర్లు 30వ క్లాసులో అప్పటికే ఉన్నాయి. మూడోదాన్ని ఈ రాత్రి పొడుల పని అయ్యాక కూర్చుని చూడాలి.